నీళ్లు పచ్చబడిన ఎండాకాలం

పెంచలయ్య కొండెక్కి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఓబులాంబ తల్లి పాదాల దగ్గర కూలబడి, "తల్లీ, నాలో ఏదో పాపముంది. అదేందో చెప్పు" అన్నాడు.

ఓబులాంబ తల్లి ఆ కొండమీది మఠానికి గురువు. పెంచలయ్య ఆమె దగ్గరే పెరిగాడు. కింద మైదానంలో, పెద్ద ఆనకట్ట పక్కన కొత్తగా ఇంకో మఠం పెట్టినప్పుడు, దానికి పెద్దదిక్కుగా అతన్నే పంపింది.

కొండమీద ఒక నియమం ఉంది. అక్కడ వాగుకు అడ్డంగా కట్టిన చిన్న జలాశయం నుంచి మఠానికి నీళ్లు తెచ్చేవాడు ఒంటిపూట తినాలి, అబద్ధమాడకూడదు, ఒకరి మీద మనసులో కోపం ఉంచుకోకూడదు. చుట్టూ అడవి నీడ. నీళ్లు ఏడాది పొడుగునా చల్లగా, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉంటాయి. అదంతా నీళ్లు తెచ్చేవాడి నిష్ఠ మహిమేనని శిష్యుల నమ్మకం. పెంచలయ్య చాలా ఏళ్లు ఆ పని చేశాడు కాబట్టి అందరికంటే అతనికే ఆ నమ్మకం ఎక్కువ. చల్లటి కొండమీద కూర్చున్నవాడికి అలా అనుకోవడం తేలికే.

కింద మఠంలోనూ అదే నియమం. ఆనకట్ట నుంచి నీళ్లు తెచ్చే పని గంగులప్పది. భార్య పోయాక ఇల్లు వదిలి వచ్చినవాడు. చలివేంద్రంలో కూర్చుని దారినపోయేవాళ్లకు నీళ్లు పోయడం తప్ప ఇంకో సాధన తెలియదు.

ఎండలు ముదిరాయి. ఆనకట్టలో నీళ్లు తగ్గి, కదలకుండా నిలిచిపోయి, మధ్యాహ్నం చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలేవి. చుట్టుపక్కల పొలాల్లోని ఎరువు, గొడ్ల పేడ వానలప్పుడు కొట్టుకొచ్చి అందులోనే చేరాయి. చూస్తుండగానే నీళ్లు లేతపచ్చగా తిరిగాయి. తర్వాత్తర్వాత చిక్కటి పచ్చ. పెంచలయ్య ఎండనూ చూడలేదు, పేడనూ చూడలేదు. గంగులప్పను చూశాడు.

"నీ మనసులో ఏముందో నీళ్లే చెప్తాండాయి. ఇంక కుండ ముట్టొద్దు. పో" అన్నాడు అందరి ముందూ.

"నేనేం జేసినాను సామీ?" అని అడిగాడు గంగులప్ప.

పెంచలయ్య ముఖం తిప్పుకున్నాడు. గంగులప్ప చేతిలో కుండ కింద బోర్లించి వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి పెంచలయ్యే నీళ్లు తెచ్చాడు. ఒంటిపూట చాలదని ఉపవాసాలు మొదలుపెట్టాడు. ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. నీళ్లు ఇంకా చిక్కబడి, ఒడ్డెంబడి పచ్చటి తెట్టు కట్టాయి. ఇప్పుడు తప్పు పట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే కొండెక్కాడు.

తల్లి అంతా విన్నది. లోపల్నుంచి ఊరగాయ పెట్టుకునే గాజు సీసాలు రెండు తెచ్చి చేతికిచ్చింది.

"మన జలాశయంలో ముంచుకొని రా. ఒకటి చీకటిగదిలో పెట్టు. ఇంకోటి ఆవుల కొట్టం ముందర ఎండలో పెట్టి, చిటికెడు పేడ కలుపు."

పెంచలయ్యకు అర్థం కాలేదు గానీ చెప్పినట్టే చేశాడు. కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. ఒక మధ్యాహ్నం తల్లి ఎండలోని సీసా ఎత్తి అతని చేతిలో పెట్టింది. వెచ్చగా తగిలింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి.

"ఈ నీళ్లు ఏ పాపం జేసినాయి నాయనా?"

పెంచలయ్య లోపలికి వెళ్లి రెండో సీసా కూడా తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. రెండూ తన చేత్తో ఒకే రేవులో ముంచినవే. చీకటిగదిలోది ఇంకా తేటగానే ఉంది. దాన్ని చూస్తుంటే అతనికి సిగ్గేసింది. ఆ వెంటనే, కుండ బోర్లిస్తున్న గంగులప్ప గుర్తొచ్చి దుఃఖం ఆగలేదు.

"ఇప్పుడే పోతా తల్లీ. గంగులప్ప కాళ్లు పట్టుకోనైనా పిల్చుకొస్తా" అని లేచాడు.

"యాడికని పోతావు? నువ్వు పంపించినాక నా దగ్గరికే వచ్చినాడు."

పెంచలయ్యకు ప్రాణం లేచివచ్చింది. "ఇప్పుడు యాడుండాడు?"

"ఎండకు నీళ్లు పచ్చబడతాయి, నీ తప్పేం లేదని వానికి చెప్పినాను. నా మాట నమ్మలేదు. నీ మాటే నమ్మినాడు."

"ఉండమనలేదా తల్లీ?"

"బతిమాలినాను" అంది ఓబులాంబ తల్లి. "తానుంటే ఈ కొండమీది నీళ్లు గూడా పచ్చబడతాయని ఎటో పోయినాడు."