ఐదో చరణం ఎత్తుకో

కాలంచేసిన పెద్దగురువు సొంత గొంతుతో తత్వాలు పాడిన టేపులు ఆశ్రమంలో రెండే ఉండేవి. అందులో ఒకదాన్ని శిష్యుడు ఓబులేశు రాసిన ప్రోగ్రాం పాడుచేసింది.

పాత పాటలను భద్రపరచి, చివర్లో పాటల పట్టిక చేర్చడానికి రాసిన ప్రోగ్రాం అది. హార్డ్ డిస్కులో ఎక్కడికంటే అక్కడికి దూకి రాయొచ్చు. టేపుకు దూకడం రాదు, మొదటినుంచి తిరుగుతూ రావాల్సిందే. అది ఆలోచించని ప్రోగ్రాం చివరికి దూకేశాననుకుని, మొదట్లో ఉన్న పాట మీదే రాసేసింది. ఇప్పుడు ఆశ్రమం నడిపే నాగలింగప్ప గురువు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఓబులేశుకు తత్వాలతోపాటు ప్రోగ్రాంలు రాయడమూ నేర్పిన గురువు, రెండో టేపు ఎక్కించే ముందు అడిగాడు.

"ఈసారి ఏం జాగ్రత్త చేసినావప్పా?"

"దూకమన్నప్పుడు టేపు దూకలేకపోతే, ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి తప్పని చూపిస్తుంది సామీ."

"పనిలో దిగినాకనా? అంతకుముందే, ప్రోగ్రాం మిషను భాషలోకి మారి కంపైల్ అయ్యేటప్పుడే టేపును అడగరాదా, నీకు దూకడం వచ్చునా అని? రాదన్నదాన్ని కంపైలరే ఆ పనికి పోనీదు గదా."

"అడగను సామీ," ఓబులేశు తెగేసి చెప్పాడు. "అందరినీ గడప దగ్గరే నిలేస్తా కూర్చుంటే పనెప్పుడు జరగాల? రాకపోతే అప్పుడే తెలుస్తుంది."

గురువు మారు మాట్లాడలేదు. ఓబులేశు గెలిచాననుకున్నాడు. గురువు ఊరుకుంటే గెలిచామనుకోవడం శిష్యులకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

సాయంత్రం భజనకు ఊరంతా వచ్చి కూర్చుంది. తంబుర మీటుతూ గురువు ఉన్నట్టుండి ఇటు తిరిగాడు.

"ఓబులేశూ, ఐదో చరణం ఎత్తుకో."

ఆ తత్వం ఓబులేశుకు చిన్నప్పటినుంచీ కంఠస్థం. పల్లవి నుంచి మొదలుపెడితే ఎక్కడా తడుముకోడు. ఐదో చరణమనేసరికి పెదవులు కదిలాయిగానీ మాట రాలేదు. లోలోపల పల్లవి నుంచి పరుగెత్తుకొస్తున్నాడు పాపం. తాళాలు ఆగిపోయాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గురువు తంబుర మీటుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క అందించలేదు.

భజన ముగిసీ ముగియకముందే ఓబులేశు వచ్చి గురువు ముందు నిలబడ్డాడు.

"నలుగురిలో నా పరువు తీసినారు సామీ! మధ్యలోంచి పాడడం నాకు రాదు. వచ్చని ఎప్పుడన్నా చెప్పినానా? కూర్చోకముందే ఒక్క మాట అడిగింటే, రాదని చెప్పేవాణ్ని గదా!"

గురువు రెండో టేపు తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇదీ అదే అంటాంది నాయనా."