గోడ వెంబడి తెల్లగీత

ఆ ఇంటి గోడ పగులులో కాపురమున్న చీమలకు మూడు రోజులుగా గింజ దొరకలేదు.

అప్పుడు కబుర్ల చీమ రొప్పుకుంటూ వచ్చి, "వంటింట్లో గోడ వెంబడి బియ్యప్పిండి ముగ్గేశారట! పదండి పదండి!" అంది. దాని మనసు వెన్న. మంచిమాట ఏదైనా చెవినపడితే నలుగురికీ పంచందే దానికి తిన్నది అరగదు. ఎదురైనవాళ్ళ తలకు తల ఆనించి కబురిచ్చి పోవడం చీమల్లో ఎలాగూ ఉన్న ఆచారమే. నువ్వు చూశావా అని అడగడం మాత్రం ఎందుకో అందులో చేరలేదు. పుచ్చుకున్నదాన్ని పక్కవాళ్ళకు అందించడమే మర్యాద. చూస్తుండగానే బారు బయల్దేరింది. అందరికంటే ముందు కబుర్ల చీమ చెల్లెలు నడుస్తోంది.

కబురు బారు చివరనున్న కుంటిచీమ దాకా వచ్చింది. నిరుడు అలాంటి గీత మీద అడుగుపెట్టే అది కాలు పోగొట్టుకుంది. అరవబోయి ఆగింది. స్నేహితురాలిని పదిమందిలో నిలబెట్టి తప్పంటే మొండికేస్తుంది. మొండికేసిన చీమను ఏనుగొచ్చినా కదపలేదు! అందుకని కబుర్ల చీమను పక్కకు పిలిచింది.

"వదినా, ఆ ముగ్గు నువ్వు చూశావా?"

"నేనెందుకు చూడటం? తెలిసినవాళ్ళే చెప్పారు. నలుగురికీ మంచి చెబితే అదీ తప్పేనా?"

"నీ మనసులో తప్పు లేదు. కానీ ముగ్గంటే చుక్కలుంటాయి, మెలికలుంటాయి, గడప ముందుంటుంది. గోడ వెంబడి తిన్నగా ఒక్క గీత ఎవరైనా వేస్తారా? అది చీమల మందు వదినా. నా కాలు తిన్నది అదే."

కబుర్ల చీమకు సిగ్గేసింది, దాని వెనకే కోపమూ వచ్చింది. "నీకన్నీ అనుమానాలే!" అని విసురుగా అనేసింది కూడా. అంతలోనే, "అమ్మో, మా చెల్లి!" అంది.

ఇద్దరూ పరుగు తీశారు. కుంటిచీమ వెనకబడి, "నా కోసం ఆగకు. వాళ్ళు కదిలింది నీ మాటకే, ఆగేదీ నీ మాటకే" అంది.

కబుర్ల చీమ బారు పొడవునా ఒక్కో తలకూ తల ఆనించి, "నేను చెప్పింది తప్పు. చూడకుండా చెప్పాను. ఆగండి" అంటూ పోయింది. ప్రతిసారీ తల కొట్టేసినట్టయింది పాపం. బియ్యప్పిండి కబురును అడక్కుండానే అందరూ మోశారు. ఈ కబురును ఒక్కరూ మోయలేదు. అన్ని తలలకూ తనే చెప్పుకోవాల్సి వచ్చింది.

గీతకు నాలుగు చీమడుగుల దూరంలో చెల్లెలు దొరికింది.

బారు ఖాళీ కడుపులతో ఇంటికి తిరిగింది. అది మందని చెప్పింది కుంటిచీమేనని దారిలోనే అందరికీ తెలిసింది. ఇక విసుగు ఊరుకుంటుందా? "ఎవరికేమైంది? అందరం గుండ్రాళ్ళలా ఉన్నాం. నిజంగా మందే అయితే ఒక్కరైనా పోవాలిగా! నోటికాడి కూడు పడగొట్టింది ఆ కుంటిది!" అని అంతా తిట్టిపోశారు. అందరికంటే గట్టిగా తిట్టింది చెల్లెలే.

కుంటిచీమ ఓ మూల తల దించుకుని కూర్చుంది. కబుర్ల చీమ వెళ్ళి పక్కన చేరి దాని తలకు తల ఆనించింది.

"విను వదినా, ఎంత గట్టిగా తిడుతోందో మా చెల్లి! ఆ గొంతు వింటుంటే కడుపు నిండిపోతోంది. నీకు వెయ్యి దండాలు."