ముల్లు పొడిచిన ఆకు

ఈ కథలో నక్క ఉంది కనుక మోసం కూడా ఉంటుందని మీకు ముందే తెలిసిపోయింది. దూదమ్మకీ తెలుసు. నక్క సంగతి తెలియని కుందేలు ఎక్కడైనా ఉంటుందా? తెలిసి తెలిసీ ఎలా పడిందో, చెప్పుకోవలసింది అదీ.

వాగుకి ఇవతల గట్టు జంతువులది, అవతల చేలు మనుషులవి. ఒకప్పుడు గట్టు మీదివాళ్లు చేలోకి దిగి రెండు ఆకులు కొరుక్కుని వచ్చేవాళ్లు. మనుషులు అదిలించేవాళ్లు, వీళ్లు పరుగెత్తేవాళ్లు, అంతటితో సరి. తర్వాత మనుషులు అదిలించడం మానేసి వీపున డబ్బాలు కట్టుకుని మందు కొట్టడం మొదలుపెట్టారు. అదిలిస్తే పారిపోవచ్చు. మందు కొట్టిన ఆకు చూడ్డానికి మామూలు ఆకులాగే ఉంటుంది, ఎక్కడికని పారిపోతారు?

దూదమ్మకి నలుగురు పిల్లలు. కార్తీకంలో ఒకరోజు చిక్కుడు పాదు లేత ఆకులు తెచ్చి పెట్టింది. తెల్లారేసరికి ముగ్గురు పోయారు. ఆ పూట తిననని మారాం చేసిన ఒక్కతే మిగిలింది. చిటికెడంత ఉంటుందని దాన్ని చిటికి అని పిలిచేది. ఇక దూదమ్మకి ఒకటే పంతం, మందు తగిలిన ఆకు చిటికి నోట పడకూడదు. చలి మొదలై గట్టు మీద గడ్డి ఎండిపోయింది. పాలు మరిచిన పిల్లకి ఆ గరుకు గడ్డి మింగుడుపడదు. అందుకని ఎవరు ఎదురుపడ్డా అడిగేది, మందు కొట్టని కూర ఎక్కడ దొరుకుతుందని.

అడిగినమ్మ నోరు ఊరుకోదు, వినే చెవి ఊరుకోదు. పదిరోజులు తిరక్కుండా నాగలింగం అనే నక్క మోదుగ చెట్టు కింద కూరల అంగడి తెరిచాడు. టేకాకులు పరిచి వాటి మీద తోటకూర, పాలకూర, గోంగూర కట్టలు పేర్చాడు.

దూదమ్మ వెళ్లింది గానీ, దూరంలోనే ఆగింది.

"నువ్వు కూరలమ్మడం ఏమిటన్నా?"

"వయసు మీద పడింది చెల్లెమ్మా. మాంసం మానేశాను. ఆకూ అలమూ తిని కృష్ణా రామా అనుకుంటున్నాను. నేను తినేదే నలుగురికీ ఇద్దామని."

"మందు కొట్టిందేమో."

"నా మాట నమ్మొద్దు. ఆకు మాట నమ్ము." ఒక తోటకూర ఆకు తీసి ఎండకి పట్టాడు. దాన్నిండా చిల్లులు. "పురుగు తిన్న ఆకు ఇది. మందు కొడితే పురుగు బతుకుతుందా? పురుగు తిని బతికినదాన్ని నీ పిల్ల తినలేదా?"

పురుగు తిన్నది చూసి తెచ్చుకోమని దూదమ్మ అమ్మమ్మ కూడా చెప్పేది. అమ్మమ్మ మాటే నక్క నోట వినేసరికి, అది నక్క నోరన్న సంగతి మరిచిపోయింది.

"ఏం తీసుకుంటావు?"

"కట్టకి గుప్పెడు బొచ్చు. పొట్ట మీది మెత్తటి బొచ్చు. చలికాలం కదమ్మా, ముసలి ఎముకలు."

దూదమ్మ వెనక్కి జంకింది. కుందేలు తల్లికి పొట్ట మీది బొచ్చంటే మాటలు కాదు. పిల్లల కింద పక్కా అదే, పైన దుప్పటీ అదే. తన పొట్ట తానే పీక్కుని గూట్లో పరుచుకుంటుంది తల్లి.

పక్కనే కోడి గవరమ్మ తన కట్టలు ఏరుకుంటోంది. రోజుకో ఈక ఇచ్చి కొంటోంది. "ఆలోచిస్తావేం వదినా? ధర పిరమే. సరుకు మంచిది కాకపోతే అంత అడిగే ధైర్యం వస్తుందా ఎవరికైనా?" అంది.

నిజమే అనిపించింది దూదమ్మకి. గుప్పెడు పీకి ఇచ్చింది.

ఇంటికి వెళ్లే దారిలో బురదగుంట ఉంది. దాని ఒడ్డున ఒక ఊరపంది ఉండేది. పేరు పేరంటాలు. పేరంటాలే గానీ ఏ పేరంటానికీ ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఆమె మూతితో కెళ్లగించిన నేల బువ్వలా మెత్తగా ఉండేది. అందులో తోటకూర, పొన్నగంటి, గంగపాయిల ఎవరూ వేయకుండానే మొలిచి గుబురుగా పెరిగేవి.

"ఏం అమ్మాయ్, కూరకి అంత దూరం పోయావా? ఇక్కడ ఇంత ఉంది. కోసుకుపో."

"ఏం ఇవ్వాలి?"

"ఏమీ వద్దు. వచ్చినప్పుడల్లా కాస్త కలుపు పీకి పో. సన్న కలుపు నా మూతికి అందదు."

దూదమ్మ ముక్కు మూసుకుంది. "నీ గుంట పక్కది నా పిల్లకి పెట్టమంటావా?"

పేరంటాలు నొచ్చుకోలేదు. నొచ్చుకుని నొచ్చుకుని అలవాటైపోయింది. "నా పెంటలో మొలిచిందే, కాదనను. ఇక్కడికి ఎవరూ రారు కాబట్టి మందూ రాదు. ఇంకో మాట అమ్మాయ్, ఆ నక్క పొద్దున్నే..."

దూదమ్మ అప్పటికే వెళ్లిపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. గుంట పక్క కూర అంతకన్నా పనికిరాదనుకుంది. ఊరికే ఇస్తానన్నది మంచిదవుతుందని ఆమెకి తోచనే లేదు.

మార్గశిరం వచ్చింది. చలి ముదిరింది. దూదమ్మ పొట్ట బోసిపోయింది, తర్వాత రొమ్ము. రోజూ అంగడికి వెళ్లేది. వెళ్లినప్పుడల్లా నాగలింగం పలకరించే తీరుకి మనసు కరిగిపోయేది. పిల్ల ఎలా ఉంది, నిద్రపోతోందా, పళ్లు వచ్చాయా అని అడిగేవాడు. నక్క వినయం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఒకసారి ఆమే అంది, "నువ్వూ ఒక ఆకు తినన్నా. నువ్వు తినగా ఎప్పుడూ చూడలేదు."

"ఇవాళ ఏకాదశి చెల్లెమ్మా."

ఇంకోసారి అడిగితే సోమవారం ఒక్కపొద్దన్నాడు. నక్కకి ఇంత భక్తా అని ముక్కున వేలేసుకుంది గానీ అనుమానపడలేదు.

పుష్యం వచ్చేసరికి చిటికి చిక్కిపోయింది. నోటివెంట సొంగ కారేది. వెనక కాళ్లు వణికేవి. దూదమ్మ పిల్లని దగ్గరికి లాక్కుంది. మంచి ఆకు చాలడం లేదు కాబోలు, ఇంకా మంచిది పెట్టాలనుకుంది. అయ్యో, ఏ తల్లయినా అదే అనుకుంటుంది.

"పిల్లకి బాగాలేదన్నా. దీనికన్నా మేలైనది ఉందా?"

నాగలింగం నిట్టూర్చాడు. "ఉంది. నిండా పురుగు పట్టిన రకం, జల్లెడలా ఉంటుంది. కానీ అందరికీ ఇవ్వను. నీ పిల్ల కోసం ఇస్తా. వీపు మీది బొచ్చు కూడా ఇచ్చుకోవాలి మరి."

ఇచ్చింది. ఒక పూట కట్ట పెట్టింది. మర్నాడు మళ్లీ వెళ్లి, చెవుల వెనక మిగిలిన నాలుగు పోగులు కూడా పీకి ఇచ్చి, ఇంకో కట్ట తెచ్చుకుంటోంది. ఒంటిమీద చర్మం తప్ప ఏమీ లేదు. బురదగుంట దగ్గరికి వచ్చేసరికి వణుకు ఆగక కూలబడింది.

పేరంటాలు లేచి వచ్చింది. దగ్గరికి రాలేదు, అలవాటు కొద్దీ దూరంగానే నిలబడింది. "అమ్మాయ్, ఆ ఆకు ఒక్కసారి చూడనీ."

ముక్కు మూసుకునే ఓపిక లేదు దూదమ్మకి. చూపించింది.

పేరంటాలు చాలాసేపు చూసింది. "ఈ చిల్లు ఎక్కడ పడిందో చూశావా? నడి ఈనె మీద పడింది. సన్న పురుగు గట్టి ఈనె జోలికి పోదమ్మాయ్. అటూ ఇటూ మెత్తనిది తిని ఈనె వదిలేస్తుంది. ఇది ఈనెలన్నిటినీ తెంపుకుంటూ పోయింది. ఇది పురుగు పని కాదు."

"మరి?"

"ముళ్లపంది ముల్లు. వాగు ఒడ్డున రాలిన ముళ్లు నక్క ఏరుకోవడం చూశాను. పళ్లు కుట్టుకోవడానికేమో అనుకున్నా." పేరంటాలు తన మడిలోంచి ఒక ఆకు తుంచి పక్కన పెట్టింది. దాని చిల్లులు ఒకటి ఉన్నట్టు ఒకటి లేదు. అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఆకు తిప్పితే వెనకాల నల్లగా పురుగు పెంట. "తిన్నది పెంట పెట్టకుండా పోతుందా? నీ ఆకు మీద ఏదీ?"

దూదమ్మ తన ఆకు తిప్పి చూసింది. శుభ్రంగా ఉంది. ఇన్నాళ్లూ అలా శుభ్రంగా ఉందనే మురిసిపోయింది.

"ఎక్కడిది ఇది?"

"అవతలి చేలోది. రోజూ పొద్దున్నే ఈ దారినే మోసుకొస్తాడు. తడి ఆరకముందే, ఆ మందు వాసనతోనే. నీళ్లలో జాడించి వాసన పోగొడతాడు గానీ, విషం కొంత మిగిలి మెల్లమెల్లగా తినేస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోతే ముక్కు మూసుకున్నావు. ముక్కు మూసుకున్నవాళ్లకి చెవులు కూడా మూసుకుపోతాయి అమ్మాయ్."

దూదమ్మ పరుగెత్తింది. గూట్లో చిటికి ముడుచుకుని పడి ఉంది. కింద ఉత్త పుల్లలు. ఒళ్లంతా వణికిపోతోంది. దూదమ్మ గబగబా పొట్ట మీద నోరు పెట్టి పీకబోయింది. పంటికి చర్మమే తగిలింది. రొమ్ము చూసుకుంది, వీపు చూసుకుంది. బిడ్డకి కప్పడానికి ఒక్క పోగు లేదు ఆ తల్లి ఒంటిమీద.

గూటి బయట అలికిడయింది. పేరంటాలు నోట పొన్నగంటి కూర కరుచుకుని నిలబడి ఉంది.

"లోపలికి రావచ్చా?"

"రా అత్తా," అంది దూదమ్మ. ఆ వరస ఆ నోట రావడం అదే మొదలు.

పేరంటాలు మెల్లగా వచ్చి చిటికి పక్కన ఒరిగింది. "నా ఒంటి వేడి కాస్త తగలనిస్తా. కానీ నాది గరుకు తోలు, కప్పడానికి పనికిరాదు. నువ్వు పోయి నీ బొచ్చు నువ్వు తెచ్చుకో."

అంగడి దగ్గర జనం ఉన్నారు. గవరమ్మ ఉంది, మేకపోతు సూరయ్య ఉన్నాడు. నాగలింగం కాళ్ల కింద దూదమ్మ బొచ్చు పరుపులా ఒత్తుగా పరిచి ఉంది.

"రా చెల్లెమ్మా. పిల్లకి నెమ్మదించిందా?"

"కొనడానికి రాలేదన్నా. నీకే ఒక ఆకు పెడదామని వచ్చా." అతని కట్టలోంచే ఒక ఆకు తీసి ముందు పెట్టింది. "ఇవాళ ఏకాదశి కాదు. సోమవారమూ కాదు."

"ఇప్పుడే కడుపునిండా తిన్నానమ్మా."

"ఒక్క ఆకే కదా."

"పన్ను నొప్పి."

"లేత ఆకన్నా. పళ్లు లేని నా పిల్లే నమిలింది."

గవరమ్మకి సంగతేమీ తెలియదు. "తినేయన్నా, పాపం పిల్లతల్లి అంత ఆశగా పెడుతోంది," అంది.

నాగలింగం ఆకు అందుకున్నాడు. మూతిదాకా తెచ్చాడు. ముక్కు ముడుచుకుంది. ఆకు మెల్లగా కింద పెట్టాడు. అక్కడున్న అందరూ చూశారు.

"తినడు," అంది దూదమ్మ. "మందులో ముంచిన ఆకని వాడికి తెలుసు. ముళ్లపంది ముల్లుతో చిల్లులు పొడిచి మనకి అమ్మాడు. ఆకులు తిప్పి చూసుకోండి."

అందరూ కట్టలు విప్పి ఆకులు తిప్పసాగారు. గవరమ్మ మాత్రం ఆకు చూడలేదు. నక్క మొహంలోకే చూస్తోంది.

"అన్నా, మాంసం మానేశానన్నావు. ఆకు తినవు. మరి ఇన్నాళ్లూ ఏం తిని బతికావు?"

ఆ రెండు నెలల్లో గవరమ్మ పిల్లలు అయిదుగురు కనబడకుండా పోయారు. గద్ద తన్నుకుపోయిందని ఏడ్చి ఊరుకుంది.

నాగలింగం ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆకు తింటే ప్రాణానికి ముప్పు, తినకపోతే గుట్టు రట్టు. సూరయ్య కొమ్ములు దించి ఒక అడుగు ముందుకేశాడు. బొచ్చు పరుపు, అంగడి, అన్నీ వదిలేసి నక్క వాగులోకి దూకాడు.

దూదమ్మకి వాడితో పనిలేదు. బొచ్చంతా మూటకట్టుకుని పరుగుతీసింది.

పేరంటాలు పడుకున్నచోటే పడుకుని ఉంది. ఇంత కూడా కదలలేదు. తెచ్చిన పొన్నగంటి తెచ్చినట్టే ఉంది.

"తెచ్చానత్తా. మొత్తం తెచ్చాను."

పేరంటాలు తలెత్తలేదు. "వణుకు ఆగితే నిద్రపట్టిందనుకున్నా అమ్మాయ్. లేస్తుందేమోనని కదల్లేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు."

దూదమ్మ మూట విప్పింది. బొచ్చంతా చిటికి మీద కప్పింది. ఎక్కడా సందు లేకుండా, చెవులదాకా కప్పింది. కాసేపాగి లోపల మూతి పెట్టి చూసింది, వెచ్చబడిందేమోనని. మళ్లీ చూసింది. పేరంటాలు చాలు అనేదాకా అలా చూస్తూనే ఉంది.

నాగలింగం వాగు వెంట పైకి పోయి, ఇంకో గట్టు చేరాడట. ఈ కబురు వాడికన్నా ముందే వెళ్లిందో ఏమో, అక్కడ ఎవరూ దగ్గరికి రానివ్వలేదని గవరమ్మ అంటుంది. అది నిజమో, ఆమె మనసుకి ఓదార్పో తెలియదు. దూదమ్మ మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దున్నే బురదగుంట పక్క మడిలో కూర్చుని సన్న కలుపు పీకుతుంది. కూర కోసుకోవడానికి వచ్చిన తల్లులందరికీ ఆకు తిప్పి ఈనె చూపిస్తుంది. ఇంటికని ఒక్క ఆకు కోసుకోదు, పెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. కూర కొనేముందు అంగడి చూడకు, అది పెరిగిన మడి చూడు.