చివరి గదిలో చలి

బాయిలర్‌లో లోపమేమీ లేదని తేల్చడానికి కోదండానికి మూడు రోజులు పట్టింది. లోపం తిరుపాలమ్మలో ఉందని తేల్చడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

హిమాలయాల్లో మా తెలుగువాళ్ళ ఆశ్రమానికి పదకొండు గదులు. కింద బాయిలర్ కాచిన నీళ్ళు గొట్టాల్లో తిరుగుతూ గదులన్నిటినీ వెచ్చబెడతాయి. దాన్ని నడిపే కంట్రోలర్ పాడైతే కోదండమే కొత్తది తెప్పించాడు. అరచేతంత పెట్టె, తీగలు లేని రకం. చుట్టూ గాలి చల్లబడితే బాయిలర్‌ను మండిస్తుంది, వెచ్చబడితే ఆపుతుంది.

కోదండం పాలిటెక్నిక్ చదివి సన్యాసానికి వచ్చినవాడు. సన్యాసం ఇంకా రాలేదు, పాలిటెక్నిక్ ఇంకా పోలేదు. నలుగురికీ కనపడాలని ఆ పెట్టెను భోజనశాలలో, వంటింటి గుమ్మం పక్కన తగిలించాడు. దాని పచ్చదీపానికి ఒకరిద్దరు దణ్ణం కూడా పెట్టారు.

అప్పట్నుంచి బాయిలర్ గట్టిగా పావుగంట మండితే ఒట్టు. మా గదులు వంటింటికి దగ్గర, మాకేం పట్టలేదు. చివరి గదిలో ఉండే తిరుపాలమ్మ మాత్రం "చలి నాయనా" అంది. రెండోసారి అనలేదు.

కోదండం బాయిలర్ మొత్తం విప్పి బిగించాడు. ఒక స్క్రూ మిగిలితే జేబులో వేసుకుని గురువుగారు చిదంబరస్వామి దగ్గరికి వెళ్ళాడు.

"యంత్రం బాగుంది స్వామీ. ముసలి ఒళ్ళు, ఆమెకే వేడి ఆనడం లేదు. ఇవాళ మధ్యాహ్నం బస్సే ఆఖరిది, తర్వాత మంచుకి దారి మూసేస్తారు. కిందికి పంపించేద్దాం."

"కింద ఆమెకి ఎవరున్నారు?"

"ఎవరూ లేరు స్వామీ. మూట మాత్రం కట్టుకుంది."

"ఆ గదిలోకి వెళ్ళి చూశావా?"

"బాయిలర్ కింద కదా స్వామీ ఉండేది."

స్వామి లేచి, భోజనశాల గోడకున్న పెట్టెను తీసి చేత్తో పట్టుకుని వసారా వెంట నడిచారు. వేడుక చూద్దామని మేమూ వెళ్ళాం. దీపావళి తర్వాత మాలో ఎవరం ఆ వైపు పోలేదు.

తిరుపాలమ్మ మూడు చీరలు ఒకదానిమీద ఒకటి చుట్టుకుని మంచంమీద కూర్చుంది. గూట్లో రెండు గ్లాసులున్నాయి. ఒకటి వాడుతున్నది. రెండోది బోర్లించి ఉంది, దానిమీద దుమ్ము.

"కూచోండి సామీ" అని ఆ రెండో గ్లాసు తీసి కొంగుతో తుడిచింది.

స్వామి పెట్టెను కిటికీ గట్టుమీద పెట్టి కింద కూర్చున్నారు. పెట్టెమీద గాలి వేడిని చూపే అంకె ఇరవై మూడు. చూస్తుండగానే పంతొమ్మిదయింది, పద్నాలుగయింది. కింద బాయిలర్ గుప్పుమని అంటుకుంది. అంకె తొమ్మిది దగ్గర ఆగింది. కాసేపటికి గోడవార గొట్టం టిక్కుటిక్కుమంది.

"వంటింటి పక్కన కూర్చోబెట్టి చలి ఎంతుందని అడిగితే, పాపం, అది మాత్రం ఏం చెబుతుంది?" అన్నారు స్వామి.

నేను గుమ్మంలోనే నిలబడి చేతులు కొంగులో దాచుకున్నాను.

కోదండం వంగి మూట ముడి విప్పసాగాడు. చాలా గట్టిగా కట్టింది ఆమె.