మొరిత గారింట్లో ముగ్గురు మేధావులు

బొబ్బిలి దగ్గర ఒక కాలేజీ ఉంది. అందులో ఉన్న తెలివంతా తమ బుర్రల్లోనే ఉందని తవిటినాయుడికీ, గవరయ్యకీ, భ్రమరాంబకీ గట్టి నమ్మకం. ముగ్గురూ ఆనర్సు. పుస్తకమిస్తే కామాలతో సహా అప్పజెప్పేస్తారు. అందుకే పది రోజుల చదువుకి జపాన్ పంపడానికి ఏరికోరి వీళ్ళనే పట్టారు, ఏం చెప్పమంటారు!

తవిటినాయుడు లీడరు. ఆఖరి రోజున అక్కడి యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తేనే ఆనర్సు నిలుస్తుంది, లేదంటే మామూలు డిగ్రీయే. వాళ్ళమ్మ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది కూడా. పాపం, వాడికి తింటున్నా ఆ బెంగే, కూర్చున్నా ఆ బెంగే.

వెంట వచ్చిన రత్నావళి మేడమ్ విమానం దిగగానే హెచ్చరించింది.

“ఇక్కడి మర్యాదలు మీకు తెలీవు. అవతలివాళ్ళు ఎలా చేస్తే మీరూ అలాగే చెయ్యండి. సొంత తెలివి వాడకండి.”

“అదెంత పని మేడమ్!” అన్నాడు తవిటినాయుడు.

వీళ్ళకి బస మొరిత గారనే పెద్దాయన ఇంట్లో. డెబ్భై ఏళ్ళ మనిషి, మహా మర్యాదస్తుడు. గుమ్మంలోనే నడుం వంచి నమస్కరించాడు. అంతే, ముగ్గురూ వంగారు. అతిథులు వంగితే తను ఊరుకుంటే ఏం బావుంటుందని ఆయన మళ్ళీ వంగాడు. వీళ్ళూ మళ్ళీ వంగారు. ఆయన ఇంకాస్త కిందకి, వీళ్ళు ఇంకాస్త కిందకి. లోపల అన్నం చల్లారిపోతోంది.

“ఎంతసేపురా తవిటీ?” గవరయ్య వంగుతూనే గొణిగాడు.

“ఆయన్ని ఆపనీరా! మనం ముందు ఆపామంటే సర్టిఫికెట్ గోవిందా!”

నలభయ్యోసారికి మొరిత గారి నడుం కలుక్కుమంది. పాపం, ఉన్నవాడు ఉన్నట్టే చాప మీద బోర్లా పడిపోయాడు.

ఇంకేముంది, ముగ్గురూ దభీదభీమని పక్కనే బోర్లా పడ్డారు. ఆయన మూలిగాడు. వీళ్ళూ మూలిగారు.

“అబ్బో, ఎంత కష్టమైన మర్యాదో!” అంది భ్రమరాంబ.

మొరిత గారి భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి చూస్తే వరసగా నలుగురు పడున్నారు. ఆవిడ గుండె ఝల్లుమంది. ఒకటి కాదు, నాలుగు అంబులెన్సులు పిలిచింది!

ఆస్పత్రిలో మొరిత గారి నడుముకి పట్టీ వేశారు. తమకీ వేసేదాకా వీళ్ళు మంచాలు దిగితే ఒట్టు. ఎక్కడ నొప్పి అని డాక్టరు అడిగితే, “ఆయనకెక్కడో అక్కడే!” అన్నాడు తవిటినాయుడు.

మేడమ్ లబోదిబోమంటూ వచ్చి అందరి కాళ్ళా వేళ్ళా పడింది. మొరిత గారు దేవుడిలాంటి మనిషి, నవ్వేసి ఊరుకున్నాడు. యూనివర్సిటీ వాళ్ళు కూడా పోనీలే పిల్లలని వదిలేశారు. మిగతా రోజులు మేడమ్ వీళ్ళ చెయ్యి వదిలితేగా!

పదో రోజు సర్టిఫికెట్ల సభ. తవిటినాయుడు మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు.

“మేడమ్, వేదిక మీద నేనేం చెయ్యాలి?”

“యూనివర్సిటీ అధ్యక్షులవారు ఎంత మర్యాదగా ఉంటారో చూసి నువ్వూ అలాగే ఉండరా నాయనా! ఈ ఒక్క గండం దాటితే గట్టెక్కినట్టే” అంది మేడమ్. తొమ్మిది రోజులుగా సరిగ్గా తిండి లేదు ఆవిడకి, ఏమంటున్నానో చూసుకోలేదు.

పేరు పిలిచారు. అధ్యక్షులవారు సర్టిఫికెట్‌ని రెండు చేతులా పట్టుకుని, కాస్త వంగి, చిరునవ్వుతో ఇచ్చారు. తవిటినాయుడు అందుకున్నాడు. బంగారు అంచు, మధ్యలో తన పేరు! ఆనందంతో వాడి కళ్ళు చెమర్చాయి. అంతలో మేడమ్ మాట గుర్తొచ్చింది. అంతే, వాడూ రెండు చేతులా పట్టుకుని, కాస్త వంగి, చిరునవ్వుతో ఆయనకే ఇచ్చేశాడు!

ఆయన తెల్లబోయాడు. అయినా ఇచ్చినదాన్ని కాదనడం మర్యాద కాదు గనక పుచ్చుకున్నాడు. ఇదేదో భారతదేశపు ఆచారం కాబోలనుకుని సభంతా చప్పట్లు కొట్టింది. వెనకే గవరయ్య ఇచ్చాడు, భ్రమరాంబ ఇచ్చింది. మేడమ్ కుర్చీలోనే సొమ్మసిల్లింది.

కాలేజీకి తిరిగిరాగానే ప్రిన్సిపాల్ గారు చెయ్యి చాపారు. “ఏవిరా సర్టిఫికెట్లు?”

తవిటినాయుడు ఛాతీ విరుచుకుని చెప్పాడు.

“వాళ్ళ అధ్యక్షులవారు పాసైపోయారు సార్! మూడూ మా చేతుల మీదుగానే ఇచ్చొచ్చాం!”