దాలయ్య ఇంటివాళ్ళు వెనక్కి నొక్కిన పులిహోర

గోపాలస్వామికి ఒక్క నమస్కారం పెట్టుకుని మొదలుపెడతాను. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండమ్మా, నవ్వి కింద పడితే నా పూచీ లేదు.

లంకలపాలెంలో తెలివంటే దాలయ్య ఇంటివాళ్ళదే. ఎవరన్నారంటే, వాళ్ళే అన్నారు. దాలయ్య, ఆయన భార్య పైడమ్మ, తమ్ముడు ముత్యాలు, ముత్యాలు పెళ్ళాం సూరమ్మ. దొంగలొస్తే తలుపులు పగలగొడతారని, తలుపులు ఊడబీకి అటక మీద దాచుకున్నారు. "ఇప్పుడు రమ్మనండి, దేన్ని పగలగొడతారో చూస్తాను!" అని మీసం దువ్వేవాడు దాలయ్య.

ఆ ఇంటికున్న గౌరవమల్లా ఒక్కటే, స్వామి కల్యాణానికి పులిహోర వండే హక్కు. తాతల నాటిది. ఈ ఏడు గుడి పెద్ద రామభద్రయ్యగారు ఓ మెలిక పెట్టారు. "పట్నం నుంచి సుభాషిణి టీచరమ్మ ఫోనులో పాఠం చెబుతుంది. నలుగురూ కలిసి వంట ఎలాగో రాయండి, రాసినట్టే వండండి. తేడా వచ్చిందా, హక్కు పక్కవీధి వాళ్ళకి!"

టీచరమ్మ ఫోనులో కనిపించి చెప్పింది. "ఇది అందరి పేజీ. ఎవరి ఫోనులో వాళ్ళు తెరవండి. ఒకరు రాసింది అందరికీ కనబడుతుంది. ఎవరు ఎక్కడ రాస్తుంటే అక్కడ వాళ్ళ పేరు వెలుగుతుంది. గుమిగూడకుండా ఎవరి చోట వాళ్ళు కూర్చుని రాయండి."

అంతే. పైడమ్మ వంటింట్లో, ముత్యాలు పశువుల పాకలో, దాలయ్య అరుగు మీద, సూరమ్మ డాబా మీద సర్దుకున్నారు.

సూరమ్మ ఒక్క ముక్క రాసిందో లేదో, దాని కింది వరసలో దాలయ్య పేరు వెలిగింది. ఇంకేముంది! "అయ్యో, బావగారి నెత్తిమీద కూర్చున్నాను!" అని కొంగు కప్పుకుని డాబా దిగి పెరట్లోకి పరుగెత్తింది. ఫోను చూస్తే తన పేరు ఇంకా పైనే ఉంది. అరటిపాదు గుంటలోకి దిగింది. అయినా పైనే! అటు దాలయ్య, "పాపం, మరదలు దిగలేక ఇరుక్కుపోయింది, నేనే పైకి పోతాను" అని కొబ్బరిచెట్టెక్కాడు.

"ఇప్పుడెలా ఉందమ్మాయ్?" అని చెట్టు మీంచి కేక.

"ఇంకా మీరే కింద, బావగారూ!" అని గుంటలోంచి ఏడుపు.

టీచరమ్మ తల పట్టుకుంది. "మహాప్రభో, దిగండి! నువ్వు పైకి రామ్మా! ఇప్పుడు ఒకరు రాసింది ఇంకొకరు చదవండి. ఊరికే చదివి వదిలెయ్యకండి, మీ వంతుగా ఏదో ఒకటి చేర్చండి. కలిసి నేర్చుకోవడమంటే అదే."

దాలయ్య "దోసెడు ఉప్పు" అని రాశాడు. ముత్యాలు చదివాడు. అన్న మాట కాదనకూడదు, చేర్చకుండా వదలకూడదు. "ఇంకో దోసెడు ఉప్పు" అని కింద రాశాడు. పైడమ్మ "నా తరఫున దోసెడు" అంది. పెద్దవాళ్ళంతా అంత ధారాళంగా వేస్తుంటే తను పిసినారిలా కనబడుతుందని సూరమ్మ "పొర్లిపోయేలా దోసెడు" అని చేర్చింది.

టీచరమ్మ పేజీ పక్కన చిన్న గడిలో రాసింది. "ఇంత ఉప్పా? కూర్చుని ఆలోచించండి."

నలుగురూ అరుగు మీద వరసగా కూర్చుని, బుగ్గన చెయ్యి పెట్టుకుని పొద్దుగూకేదాకా ఆలోచించారు.

"నువ్వేం ఆలోచించావురా?"

"మన గేదె గురించన్నయ్యా. నువ్వో?"

"నేనూ గేదె గురించే!"

"చూశావా, కలిసి నేర్చుకోవడమంటే ఇదే!"

గడి కింద "ఆలోచించేశాం" అని రాసి లేచారు.

కల్యాణం రోజొచ్చింది. గుడి వెనక గాడిపొయ్యి మీద రాసింది రాసినట్టే వండారు. నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు కదా, తిన్నగా స్వామి ముందు పెట్టారు. స్వామి దయామయుడు, ఏమీ అనలేదు. గుడి పెద్ద అలా కాదు. మొదటి ముద్ద నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్ళు తాగి అరిచారు. "ఒరే దాలయ్యా! హారతి అయ్యేలోగా దీన్ని బాగుచెయ్యి. లేదా నీ హక్కు పోయినట్టే!"

దాలయ్య ఫోను చేశాడు. "టీచరమ్మా, ఉప్పెక్కువైంది!"

వాళ్ళింకా పేజీ దగ్గరే ఉన్నారనుకుంది ఆవిడ. "ఇప్పటికి కనిపెట్టారా! కంగారేం లేదు. పేజీ పైన వెనక్కి వంగిన బాణం గుర్తు ఉంది. నొక్కినకొద్దీ చేర్చినవి పోయి, మునుపున్నట్టు అయిపోతుంది."

నలుగురూ నొక్కారు. పేజీలో ఉప్పంతా పోయింది. గంగాళంలో వేలు పెట్టి నాకితే అదే ఉప్పు! "ఇంత దూరం అందట్లేదేమో" అని ఫోన్లు గంగాళం అంచుకి ఆనించి నొక్కారు. చింతపండు పోయింది, పోపు పోయింది, పేజీ తెల్లబడింది.

"మొదటికొచ్చేశాం!" అన్నాడు దాలయ్య పైడమ్మతో. "ఇక పచ్చి బియ్యం వచ్చి పడాలి. గంగాళం నిండా ఇది ఉంటే ఎక్కడ పడతాయే, వెర్రిదానా? ఖాళీ చెయ్యి!"

అంతే. పులిహోరంతా కాలవ పాలు.

హారతయింది. జనం ఆకులేసుకు కూర్చున్నారు. రామభద్రయ్యగారు వచ్చేసరికి ఖాళీ గంగాళం చుట్టూ నలుగురూ కూర్చుని ఒకటే నొక్కుడు.

"పులిహోర ఏదిరా?"

"బియ్యం దాకా వెనక్కెళ్ళిందండి, వస్తోంది."

"మీ హక్కు పోయింది! వచ్చే ఏటి నుంచి పక్కవీధి వాళ్ళే వండుతారు!"

దాలయ్య చలించలేదు. "తమ్ముడూ, పెద్దాయన ఇప్పుడే ఓ మాట చేర్చారు. అదీ తీసెయ్, నొక్కు!"

ముత్యాలు ఫోను గుడి పెద్ద నోటికి ఆనించాడు. పైడమ్మ గుండెలు బాదుకుంటూ అడ్డం పడింది. "చాల్చాలు మరిదీ! ఇంకా నొక్కితే బియ్యం దాటిపోయి వడ్లు వచ్చి పడతాయి, దంచడానికి రోకలైనా తేలేదు!"

సూరమ్మ రోకలి కోసం ఇంటికి పరుగు తీసింది. వెనక నుంచి దాలయ్య కేకేశాడు.

"అమ్మాయ్, పన్లో పని చేట కూడా తే!"