నత్తమామ్మ జలుబు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక పెద్ద ఇప్పచెట్టు, ఆ చెట్టు కింద పసిపిల్లల బడి. దానికి గోడలు లేవు, పలకలు అసలే లేవు. పంతులమ్మ మాత్రం ఉంది. ఆవిడొక ముళ్ళపంది, పేరు సూదమ్మ. పేరుకు తగ్గట్టు ఒళ్ళంతా ముళ్ళే గాని, మనసు వెన్నపూస.

సూదమ్మ పాఠం చెప్పే పద్ధతే వేరు. చీమల గురించి నేర్చుకోవాలంటే చీమల్నే పిలిచేది. సాలీడు గురించి నేర్చుకోవాలంటే సాలీడునే రమ్మనేది. అలా వచ్చినవాళ్ళని 'బడిచుట్టం' అనేవాళ్ళు. చుట్టం ఉన్నన్నాళ్ళూ పిల్లల్లో ఒకరు మర్యాదలు చూడాలి. తిండి, నీళ్ళు, నీడ, అన్నీ వాళ్ళ పూచీయే. ఆ వంతు కోసం పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకునేవాళ్ళు.

ఆ బడిలో నియమాలు మూడే మూడు. రోజూ పొద్దున్నే పిల్లలంతా గొంతు చించుకుని చెప్పేవాళ్ళు.

"ముందు చూడు! తరవాత అడుగు! ఆఖర్న ముట్టుకో!"

అందరికన్నా గట్టిగా అరిచేవాడు కంబళి. కంబళి ఎలుగుబంటి పిల్ల. ఒళ్ళంతా ఒత్తుగా బొచ్చు ఉందని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. ఎంత అరిస్తే ఏం లాభం? వాడికి ఒక్కసారి కూడా వంతు రాలేదు. ఎందుకంటారా? చెబుతాను వినండి.

చీమలు వచ్చినప్పుడు ముందే షరతు పెట్టాయి. "ఆ ఎలుగుపిల్ల వెనక వరసలో, ముక్కు మూసుకుని కూర్చుంటేనే వస్తాం" అన్నాయి. ఎలుగుబంట్లు పుట్టలు తవ్వి ఏం తింటాయో చీమలకి తెలియదా మరి! సాలీడు వచ్చినప్పుడు, దగ్గరగా చూద్దామని వీడు వంగి ఊపిరి వదిలాడు. గూడు కాస్తా గాలికి కొట్టుకుపోయింది. జిట్టంగి పిట్ట గుడ్లు చూపించడానికి పిలిచినప్పుడైతే, వీడి గోళ్ళు చూడగానే "పాఠం లేదు, ఏం లేదు, పొండి" అని రెక్కలు కప్పేసుకుంది.

"నా చేతులే మంచివి కావు" అని కంబళికి లోలోపల బెంగ పట్టుకుంది. అన్నం కూడా సయించేది కాదు. అంటే, రెండో వాయి సయించేది కాదనుకోండి.

ఇలా ఉండగా, వానలు కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున బడికి నత్తమామ్మ వచ్చింది. సూదమ్మ పిలిచింది అమావాస్యకి, మామ్మ చేరింది పున్నమికి. నడకా నిదానమే, మాటా నిదానమే. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఒక కునుకు తీయొచ్చు.

"మామ్మగారూ, మిమ్మల్ని ఎవరు చూసుకోమంటారు?" అని సూదమ్మ అడిగింది.

ఉడుతపిల్ల ఉలవ "నేను, నేను" అంటూ ఎగిరింది. నత్తమామ్మ కొమ్ములు మెల్లగా అటూ ఇటూ తిప్పి, ఆఖరికి వెనక వరస వైపు చూసింది.

"ఆ... బొచ్చు... అబ్బాయి" అంది.

అంతే! కంబళి గంతులే గంతులు. నేల అదిరింది. "ఎందుకంటే... వాడి పక్కన... చల్లగా... నీడ ఉంటుంది" అని మామ్మ చెబుతూనే ఉంది. సూదమ్మ విని తల ఊపింది. కంబళి చెవికి మాత్రం అదేం ఎక్కలేదు.

మిట్టమధ్యాహ్నం అయింది. సూదమ్మ దుంపలు తవ్వుకు రావడానికి వాగు ఒడ్డుకు వెళ్ళింది. పిల్లలంతా ఆవిడ వెంట ఈతకి పోయారు. చెట్టు కింద కంబళి, నత్తమామ్మ మిగిలారు.

కంబళి బోర్లా పడుకుని, గడ్డం నేలకి ఆనించి చూశాడు. మామ్మ రాలిన ఇప్పాకు మీద పాకుతోంది. ఆమె వెనకాలే జిగురు జిగురుగా, తళతళా మెరుస్తూ ఒక చార పడుతోంది.

"అయ్యో! మామ్మకి జలుబు చేసింది!" అనుకున్నాడు కంబళి.

నవ్వకండి. మొన్న వానలకి వాడికీ జలుబు చేసింది. వాడి ముక్కు అచ్చం అలాగే కారింది. అప్పుడు వాళ్ళమ్మ ఏం చేసింది? ముక్కు తుడిచింది, ఎండలో కూర్చోబెట్టింది, వెచ్చగా కాపడం పెట్టింది. జబ్బు తెలిసింది, మందూ తెలిసింది. ఇంకేం కావాలి?

అయినా నియమం నియమమే కదా. కంబళి అడిగాడు.

"మామ్మా, ముక్కు కారుతోందా?"

"కాదు... నాయనా... ఈ జిగురు..."

"చిరాగ్గా ఉందా? ఉండు, తుడిచేస్తాను!" అని ఎండుగడ్డి తెచ్చి శుభ్రంగా తుడిచేశాడు.

"చలేస్తోందా మామ్మా?"

"నాకు... ఎండ..."

"ఎండ కావాలా? ఓస్, అంతేనా!" అని మెత్తగా ఎత్తి, ఎండలో కాలుతున్న బండ మీద పెట్టాడు.

"ఇంకేమైనా కావాలా?"

"తడి... తడి..."

"తడి ఇంకా ఆరలేదా? కాపడం పెడతాను, చిటికెలో ఆరిపోతుంది!" అని వేడి ఇసుక దోసిట్లో తెచ్చి, ఆమె చుట్టూ గుట్టగా పోశాడు.

నత్తమామ్మ కొమ్ములు ముడిచి, ఒళ్ళు ముడిచి, గుల్ల లోపలికి వెళ్ళిపోయింది.

"నిద్ర పట్టింది. జలుబుకి నిద్రని మించిన మందు లేదు" అని కంబళి మురిసిపోయాడు. బడిచుట్టాన్ని ఇంత బాగా చూసుకున్నవాడు బడి మొత్తంలో ఇంకొకడు లేడనుకున్నాడు.

కాసేపటికి, లేచిందేమోనని ఇసుక తోసి చూశాడు. గుల్ల మూతికి అడ్డంగా ఎండిపోయిన తెల్లటి పొర కనిపించింది. "మామ్మా" అని పిలిచాడు. పలకలేదు. "మామ్మా, మామ్మా" అన్నాడు. చడీచప్పుడూ లేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల ఏమీ లేనట్టే ఉంది.

అప్పుడే ఉలవ తోక పిండుకుంటూ ఈత నుంచి వచ్చింది. వాడి మొహం చూసింది, చేతిలోని గుల్ల చూసింది.

"చచ్చిపోయిందా?" అంది నెమ్మదిగా.

"జలుబు తగ్గిద్దామనుకున్నానే..." అని కంబళి భోరుమన్నాడు.

ఉలవ చెడ్డపిల్లేం కాదు. వాడంటే దానికి ప్రాణం. అందుకే గబగబా ఆలోచించింది. "పంతులమ్మకి తెలిస్తే ఇంక జన్మలో నీకు వంతు రాదు. అటు చూడు, ఆ ముళ్ళతుప్పల్లోకి విసిరెయ్. కాకి ఎత్తుకుపోయిందని చెబుదాం. నేనూ చూశానంటాను. కాకుల మీద లేని నేరం ఏముంది? ఇదొకటి!"

కంబళి తుప్పల దాకా వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు కూడా. విసిరేస్తే చాలు, ఎవరికీ తెలియదు. రేపు మళ్ళీ అందరితోపాటు కూర్చోవచ్చు. చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఉలవా, ఒకవేళ లోపల ఇంకా కాస్త ప్రాణం ఉంటే?"

"ఉంటే పిలిస్తే పలికేది కదరా!"

"ఏమో! నాకు తెలీదు, నీకూ తెలీదు. పంతులమ్మగారికి తెలుస్తుందేమో. తుప్పల్లో పడేస్తే ఇంకెవరు చూస్తారే?"

అని, గుల్లని గుండెకి ఆనించుకుని వాగు వైపు పరుగెత్తాడు. వంతు పోతుందని తెలుసు, తిట్లు పడతాయని తెలుసు. అయినా పరుగెత్తాడు. ఉలవ వాడి వెనకే వెళ్ళింది.

గుల్లని చూడగానే సూదమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. అయినా ఆవిడ అరవలేదు. "ఏం చేశావో వరసగా చెప్పు" అంది.

కంబళి వెక్కుతూ వెక్కుతూ చెప్పాడు. తుడవడం చెప్పాడు, బండ చెప్పాడు, వేడి ఇసుక చెప్పాడు, విసిరేద్దామని తుప్పల దాకా వెళ్ళడమూ చెప్పాడు. ఒక్కటీ దాచలేదు.

"ముట్టుకునే ముందు అడిగావా?"

"అడిగానండీ."

"ఏమంది?"

"తెలీదండీ. పూర్తిగా వినలేదు" అన్నాడు.

సూదమ్మ నిట్టూర్చింది. "ఒళ్ళు ఎండిపోతుంటే నత్తలు ఇలా తలుపేసుకుంటాయి. లోపల ప్రాణం ఉందో లేదో మాత్రం నాకూ తెలీదు. తడిపి, ఆగి చూడాలి."

వాగు పక్కన నీడపట్టున నాచు పట్టిన చోట గుల్లని పెట్టింది. ఆకుతో నాలుగు చుక్కలు చిలకరించింది. పిల్లలంతా నీళ్ళోంచి లేచి వచ్చి చుట్టూ మూగారు.

"పంతులమ్మగారూ, ఊదనా?" అన్నాడు కంబళి.

"వద్దు."

"పోనీ, గోటితో ఆ పొర కాస్త..."

"అస్సలొద్దు."

"మరి నేనేం చెయ్యను?"

"కూర్చో" అంది సూదమ్మ.

కంబళి కూర్చున్నాడు. పిల్లలూ, ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? వాడి చేతులు జివ్వుజివ్వుమన్నాయి. వాటిని తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చున్నాడు. కళ్ళు మాత్రం గుల్ల మీంచి తియ్యలేదు. పొద్దు వాలింది. వాగులో నీడలు సాగాయి. జింకపిల్లకి ఆవలింత వచ్చినా, ఆపుకుంది. 'ఇంక లేవదు, నేనే చంపేశాను' అని వాడు ఆశ వదిలేసుకుంటున్నాడు.

అప్పుడు ఆ తెల్లటి పొర మీద చిన్న బుడగ లేచింది.

బుడగ పగిలింది. పొర ఒక అంచున ఊడింది. మెత్తటి ఒళ్ళు కాస్త కాస్తగా బయటికి వచ్చింది. ఒక కొమ్ము లేచింది. చాలాసేపటికి రెండోదీ లేచింది.

"బతికింది! మామ్మ బతికింది!" అని పిల్లలు ఎగిరి గంతేశారు. సూదమ్మ ముళ్ళన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి. కంబళి గంతెయ్యలేదు. గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది వాడికి. ఊపిరి గట్టిగా వదిలి, అక్కడే నేల మీద వెల్లకిలా పడి, ఏడుస్తూ నవ్వాడు.

"అబ్బాయ్..." అంది నత్తమామ్మ.

వాడు చటుక్కున లేచి కూర్చున్నాడు. "దాహమా మామ్మా" అనబోయి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"ఈ జిగురు... చీమిడి కాదు... నాయనా. అదే... నా బాట. దాని మీదే... నేను నడిచేది. నాకు... ఎండ... పడదు. తడి... తడి లేకపోతే... నా ప్రాణం... నిలవదు."

ఈ నాలుగు ముక్కలూ చెప్పేసరికి కొంగలు గూళ్ళకి మళ్ళాయి. కంబళి ఒక్క మాటకీ అడ్డు రాలేదు. మామ్మ చెప్పడం అయిపోయిందని తెలిశాక కూడా, ఇంకేమైనా ఉందేమోనని ఇంకాస్త ఆగాడు.

"తుప్పల్లో విసిరేసి ఉంటే, తడి అందక మామ్మ మనకి దక్కేది కాదు" అంది సూదమ్మ. ఉలవ తల దించుకుంది. "విసిరెయ్యమన్నది నేనేనండీ. కాకి మీద పెడదామన్నదీ నేనే" అంది. కొమ్మ మీది కాకి ఒకటి "బాగానే ఉంది వరస!" అని అటు తిరిగి కూర్చుంది. "ముందు మామ్మకి, తరవాత కాకికి క్షమాపణ చెప్పు" అంది సూదమ్మ. ఉలవ ఇద్దరికీ చెప్పింది.

కంబళి లేచి నిలబడ్డాడు. "పంతులమ్మగారూ, నా వంతు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. నా చేతులు మంచివి కావు" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? చుట్టం ఇక్కడే ఉందిగా" అంది సూదమ్మ.

కంబళి నాచు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి వెల్లకిలా నేల మీద పరిచి, వంగి అడిగాడు. "మామ్మా, నిన్ను ఎవరు చూసుకోవాలి?"

అడిగి, ఆగాడు.

నత్తమామ్మ కొమ్ములు తిప్పింది. మెల్లగా కదిలింది. నాచు దాటింది, తడిమట్టి దాటింది. ఒక చిన్న పుల్ల అడ్డం వస్తే చుట్టూ తిరిగి వచ్చింది. వాడు పుల్ల తియ్యలేదు, ముందుకు జరగలేదు, కనీసం వేలు కూడా కదపలేదు. ఆమె వచ్చి వచ్చి, నేల మీద పరిచి ఉన్న వాడి అరచేతిలోకి తనంతట తానే ఎక్కింది. ఎక్కి, అక్కడే ఆగిపోయింది.

అరచెయ్యంతా చల్లగా, జిగురుగా అయింది. కంబళి దాన్ని తుడుచుకోలేదు.

నీతి: ప్రాణమున్నదేదైనా సరే, దానికేం కావాలో అడిగితే చాలదు, జవాబు పూర్తయ్యేదాకా ఆగి వినాలి. తొందరలో తప్పు చేస్తే దాచకుండా వెంటనే చెప్పాలి.